కొలోసస్ కట్టిన టెలిఫోన్ ఇంజనీరు టామీ ఫ్లవర్స్ గురించి మాట్లాడుకుందాం

కోనసీమ_మాస్టారు:

అందరికీ నమస్కారం. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. ప్రతి ఏడూ మొదటి క్లాసులో "మొదటి ఎలక్ట్రానిక్ కంప్యూటర్ ఏది?" అని అడుగుతాను. పిల్లలు అమెరికాలో కట్టిన "ఎనియాక్" పేరు చెబుతారు, నేను సరే అని ముందుకు వెళ్తాను. ఈసారి వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "సార్, ఎనియాక్ జనానికి చూపించింది 1946లో కదా. ఇంగ్లండులో కొలోసస్ 1944లోనే నడిచింది" అంది. నా దగ్గర జవాబు లేదు. రేపు చెబుతానన్నాను. ఆ రేపు ఇప్పటికి వారం అయింది.

కొలోసస్ అంటే రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల రహస్య సందేశాలు ఛేదించడానికి కట్టిన ఎలక్ట్రానిక్ యంత్రం. దాన్ని కట్టినాయన పేరు టామీ ఫ్లవర్స్. 1905 డిసెంబర్ 22న తూర్పు లండన్‌లో పోప్లర్ అనే పేదల పేటలో పుట్టారు. తండ్రి తాపీమేస్త్రి. ఈయన వూలిచ్ ఆయుధ కర్మాగారంలో అప్రెంటిస్‌గా చేరి, పగలు పని చేసి, సాయంత్రం క్లాసులకు పోయి లండన్ యూనివర్సిటీ నుంచి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ డిగ్రీ తెచ్చుకున్నారు. 1926లో పోస్టాఫీసు టెలిఫోన్ విభాగంలో ఉద్యోగం. 1930 నుంచి లండన్‌లోనే డాలిస్ హిల్ అనే చోట వాళ్ళ పరిశోధన కేంద్రంలో పని. గణితవేత్త కాదు, ప్రొఫెసర్ కాదు. ఫోను కాల్ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి సరిగ్గా కలిసేలా చూడడం ఆయన ఉద్యోగం. ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతూ ఈ పేరు ఒక్కసారి కూడా ఉచ్చరించలేదని నాకు బాధగా ఉంది. ఇక్కడ టెలికాం వాళ్ళు, సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఉన్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి.

స్ట్రోజర్_1978:

మాస్టారూ, ఆ అమ్మాయికి నా ఆశీస్సులు. నేను తంతి తపాలా శాఖలో చేరి, స్ట్రోజర్ అనే పాత రకం మెకానికల్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో పని చేసి, రిటైరయినవాణ్ణి. మన దగ్గర ఒకప్పుడు ఉత్తరాలూ, టెలిగ్రాములూ, ఫోన్లూ ఒకే శాఖ. ఇంగ్లండులోనూ అంతే. అందుకే "పోస్టాఫీసు ఇంజనీరు" అంటే ఉత్తరాలు పంచేవాడనుకోకండి.

ఫ్లవర్స్ సంగతిలో నన్ను పట్టేసింది ఒకటే. ఆయన వెయ్యికి పైగా వాల్వులతో యంత్రం కడతానన్నప్పుడు, బ్రిటిష్ వాళ్ళు శత్రువుల సంకేతాలు ఛేదించే రహస్య కేంద్రమైన బ్లెచ్లీ పార్కులో చాలామంది నమ్మలేదు. వాల్వులంటే పాత రేడియోల్లో బల్బుల్లా వెలిగే గాజు గొట్టాలు. అవి మాటిమాటికీ పోతాయని అందరికీ తెలుసు. పదిహేను వందలు పెడితే ఎప్పుడు చూసినా ఏదో ఒకటి పోయి ఉంటుంది, యంత్రం నడిచేదెప్పుడు?

ఇంట్లో పాత రకం బల్బు ఎప్పుడు మాడిపోతుంది? నూటికి తొంభై సార్లు స్విచ్ వేసినప్పుడే కదా. చల్లగా ఉన్న ఫిలమెంటుకి నిరోధం తక్కువ, కరెంటు ఒక్కసారిగా గుప్పున లాగుతుంది. పైగా వేడెక్కడం, చల్లారడం, సాగడం, ముడుచుకోవడం. రేడియోని రోజుకి నాలుగుసార్లు వేసి ఆర్పుతాం. ఎక్స్ఛేంజీని ఆర్పం. రాత్రీ పగలూ, పండగా పబ్బమూ నడుస్తూనే ఉంటుంది. ఫ్లవర్స్ యుద్ధానికి ముందే ట్రంకు లైన్ల (ఊరికీ ఊరికీ మధ్య ఫోను లైన్ల) సిగ్నలింగులో వాల్వులు వాడి చూశారు. ఒకసారి వేసి, కదపకుండా, ఆర్పకుండా వదిలేస్తే వాల్వు ఏళ్ళ తరబడి ఉంటుందని ఆయనకు అనుభవం మీద తెలుసు. ఫిలమెంటుకి కరెంటు కాస్త తగ్గించి ఇస్తే ఇంకా మంచిది. అంత పెద్ద చదువులు చదివినవాళ్ళకి తెలియనిది ఎక్స్ఛేంజీ మనిషికి తెలిసింది. నాకిది చదివినప్పుడు మా బ్యాటరీ రూమూ, మా ర్యాకులూ కళ్ళముందు కదిలాయి.

ఓరుగల్లు_కోడర్:

బాబాయ్ గారూ, బల్బు సంగతి ఇంత బాగా ఎవరూ చెప్పలేదు నాకు. ఒక డౌటు. కొలోసస్ కట్టింది అలన్ ట్యూరింగ్ కాదా? ఎనిగ్మా కోడ్ ఛేదించడానికే కదా అది? మా కాలేజీలో అట్లనే చెప్పారు.

చదువరి_బందరు:

తమ్ముడూ, ఈ పొరపాటు చాలా చోట్ల ఉంది. రెండు వేరువేరు కథలు కలిసిపోయాయి.

ఎనిగ్మా జర్మన్ సైన్యం రోజువారీ వాడుకున్న సంకేత యంత్రం. దాని మీద పని చేసింది బాంబ్ అనే యంత్రం. అందులో ట్యూరింగ్ పాత్ర పెద్దది. హిట్లర్‌కీ, పెద్ద సేనానులకీ మధ్య నడిచే సుదీర్ఘ సందేశాలకు వాడింది లోరెంజ్ అనే ఇంకో యంత్రం. దాన్ని టెలిప్రింటర్‌కి, అంటే టైపు చేసింది దూరానికి పంపే యంత్రానికి, తగిలిస్తారు. దానికి 12 చక్రాలు, వాటి చుట్టూ మొత్తం 501 పిన్నులు. బ్రిటిష్ వాళ్ళు ఆ సంకేతాలకు "టన్నీ" అని ఒక చేప పేరు పెట్టుకున్నారు. కొలోసస్ దీని కోసం.

ఇది పగలడానికి కారణం ఒక ఆపరేటర్ బద్ధకం. 1941 ఆగస్టు 30న ఏథెన్స్ నుంచి వియన్నాకు దాదాపు 4,000 అక్షరాల సందేశం వెళ్ళింది. అవతలివాడికి సరిగ్గా అందలేదు, మళ్ళీ పంపమన్నాడు. పంపేవాడు చక్రాలు మార్చకుండా, అదే అమరికతో మళ్ళీ టైపు చేశాడు. అచ్చంగా అదే కొట్టి ఉంటే ఏమీ దొరికేది కాదు. కానీ విసుగొచ్చినట్టుంది, కొన్ని మాటలు కుదించాడు. మొదట్లోనే "సందేశ సంఖ్య" అనే పూర్తి జర్మన్ మాట బదులు దాని పొట్టి రూపం కొట్టాడు. అక్కణ్ణుంచి రెండు సందేశాలూ ఒకదానికొకటి పక్కకు జరిగాయి. జాన్ టిల్ట్‌మన్ ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి మూల సందేశాలు లాగారు, దాంతో వాటిని కప్పిన అక్షరాల వరస కూడా చేతికొచ్చింది. బిల్ టట్ అనే కుర్రాడు ఆ వరసని గళ్ళ కాగితం మీద రాసుకుంటూ కూర్చుని, 41 దగ్గర ఏదో తిరిగి మొదలవుతోందని పట్టుకున్నాడు. ఆ ఒక్క ఆధారంతో మొత్తం యంత్రం ఎలా ఉంటుందో తేల్చారు. లోరెంజ్ యంత్రాన్ని బ్లెచ్లీలో ఎవరూ యుద్ధం ముగిసేదాకా కంటితో చూడలేదు. నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ట్యూరింగ్‌కి సంబంధం లేదని కాదు. 1941లో బాంబ్ కోసం ఒక పరికరం కావాల్సి వచ్చి ఫ్లవర్స్‌ని పిలిపించింది ఆయనే. తర్వాత మాక్స్ న్యూమన్ అనే గణితవేత్తకు ఫ్లవర్స్‌ని పరిచయం చేసిందీ ఆయనే. కొలోసస్ ఆలోచన, డిజైన్ మాత్రం ఫ్లవర్స్‌వి.

ఓరుగల్లు_కోడర్:

అక్కా, అర్థమైంది. అసలు అక్షరానికి తాళం అక్షరాన్ని, అంటే మీరన్న ఆ కప్పే వరసలోని అక్షరాన్ని, ఎక్సార్ చేస్తున్నారు (రెంటినీ పోల్చి, ఒకేలా ఉన్నచోట 0, తేడా ఉన్నచోట 1 రాయడం). రెండు సందేశాలకీ ఒకే తాళం వాడితే, ఆ రెంటినీ ఎక్సార్ చెయ్యగానే తాళం మాయమైపోతుంది. మేమిప్పుడు సెక్యూరిటీ క్లాసుల్లో "ఒక తాళం రెండుసార్లు వాడొద్దు" అని బట్టీ పట్టేది ఇదేనన్నమాట!

తంతి_ఆఫీసు:

నేను టెలిగ్రాఫ్ ఆఫీసులో టెలిప్రింటర్ మీద కూర్చుని సర్వీసు చేశాను. మీ మాటల్లో కాగితపు టేపు రాబోతోందని చూస్తున్నాను, ఇంకా రాలేదు, నేనే తెస్తాను.

మా టేపు వెడల్పు రెండు వేళ్ళంత కూడా ఉండదు. ఒక్కో అక్షరానికి అడ్డంగా ఐదు చోట్లు. కొన్నిచోట్ల రంధ్రం పడుతుంది, కొన్నిచోట్ల పడదు. మధ్యలో పొడుగునా సన్నటి చిల్లులు వరసగా ఉంటాయి. పళ్ళ చక్రం వాటిలో దిగి టేపుని లాగుతుంది. అవి అక్షరాలు కావు, లాగడానికి మాత్రమే. మా యంత్రం నిమిషానికి 400 అక్షరాలు పంపేది. అంత నెమ్మది మీదే, వానాకాలంలో టేపు మెత్తబడితే ఆ చిన్న చిల్లులు చిరిగి, టేపు జారి, అక్షరాలు తప్పిపోయేవి. ఉద్యోగం అయినన్నాళ్ళూ ఆ చిల్లుల మీదే నా కన్ను.

ఫ్లవర్స్ కంటే ముందు న్యూమన్ వాళ్ళు కట్టించిన యంత్రం పేరు హీత్ రాబిన్సన్. అందులో రెండు టేపులు. ఒకదాని మీద దొంగిలించిన సందేశం, ఇంకోదాని మీద చక్రాల అమరిక. రెండూ చివరలు అతికించి దండల్లా చేసి, సెకనుకి వెయ్యి అక్షరాలకు పైగా పరిగెత్తించాలి. రెండూ ఒక్క రంధ్రం తేడా లేకుండా కలిసి నడవాలి. ఆ వేగంలో కాగితం సాగుతుంది, చిరుగుతుంది. ఒకటి వెంట్రుకవాసి సాగినా లెక్కంతా పోతుంది. అది నడిపిన అమ్మాయిలు ఎంత టెన్షన్ పడి ఉంటారో నేను చెప్పగలను.

కోనసీమ_మాస్టారు:

అమ్మా, ఫ్లవర్స్ గొప్పతనం సరిగ్గా మీరు చూపించిన ఆ చిన్న చిల్లుల్లోనే ఉంది.

ఆయన అన్నది: రెండు టేపులు ఎందుకు? చక్రాల పిన్నుల వరస టేపు మీద ఉండనక్కర్లేదు, దాన్ని వాల్వుల్లోనే పెడదాం. సందేశం ఉన్న టేపు ఒక్కటి చాలు. ఇక రెంటినీ కలిపి నడపాల్సిన బాధే లేదు. మిగిలిన ఒక్క టేపుని పళ్ళ చక్రంతో లాగకుండా నున్నటి కప్పీల మీద పరిగెత్తిద్దాం. మరి ఏ అక్షరం ఎప్పుడు వచ్చిందో యంత్రానికి ఎలా తెలియాలి? మధ్య చిల్లుల మీద దీపం వేశారు. వెలుతురు చిల్లులోంచి ఫోటోసెల్ (వెలుతురుని కరెంటుగా మార్చే పరికరం) మీద పడ్డప్పుడల్లా ఒక తట్టు. ఆ తట్టే మొత్తం యంత్రానికి లయ. టేపు సాగితే తట్టు కూడా సాగుతుంది, వేగం పెరిగితే తట్టూ పెరుగుతుంది. లాగడానికి ఉన్న చిల్లుని లయ చెప్పడానికి వాడుకున్నారు. ఇవాళ మనం "క్లాక్" అని బోర్డు మీద గీసేది అదే కదా.

వేగం సెకనుకి 5,000 అక్షరాలు. అంతకంటే ఎంత లాగగలమో చూద్దామని పెంచుకుంటూ పోతే సెకనుకి 9,700 అక్షరాల దగ్గర టేపు ముక్కలై చెదిరిపోయిందట. అందుకని 5,000 దగ్గర ఆపారు.

పని చూడండి. మొదటి రెండు చక్రాలకు 41, 31 స్థానాలు, అంటే అవి ఎక్కడ మొదలయ్యాయో చెప్పే అమరికలు 41 × 31 = 1,271. ఒక్కో అమరికకీ టేపు ఒకసారి తిరగాలి, ప్రతిసారీ ఎన్ని అక్షరాలు ఒక షరతుకి సరిపోయాయో లెక్కపెట్టాలి. మామూలుగా సగం సరిపోతాయి. అసలు అమరిక దగ్గర సగాన్ని మించి కాస్త ఎక్కువ వస్తాయి. ఆ కాస్త ఎక్కువే ఆధారం, ఆ పద్ధతి టట్‌ది. 4,000 అక్షరాల టేపు అయితే పావుగంటకి కాస్త పైన మొత్తం చూసేస్తుంది. తర్వాత వచ్చిన రెండో రకం కొలోసస్ ఒకేసారి ఐదు చోట్ల చూసేది, అంటే సెకనుకి 25,000 అక్షరాలతో సమానం.

స్ట్రోజర్_1978:

రిలే అంటే కరెంటు ఇస్తే అయస్కాంతం లాగి మూసే స్విచ్. అది మూసుకోవడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. సెకనుకి 5,000 అంటే ఒక్కో అక్షరానికి మిల్లీసెకనులో ఐదో వంతు. రిలేలతో జరిగే పని కాదు. అందుకే వాల్వుల మీద ఆయన అంత పట్టుబట్టింది.

ఇంకోటి రాయాలి. బ్లెచ్లీ నమ్మకపోయినా డాలిస్ హిల్‌లో ఆయన పైఅధికారి గోర్డన్ రాడ్లీ నమ్మారు. సిడ్నీ బ్రాడ్‌హర్స్ట్, విలియం చాండ్లర్, అలెన్ కూంబ్స్, హారీ ఫెన్సమ్, వీళ్ళంతా టెలిఫోన్ మనుషులే. పగలూ రాత్రీ పని చేసి 11 నెలల్లో నిలబెట్టారు. ఫ్లవర్స్ సొంత డబ్బు కూడా పెట్టారు. దాదాపు 1,600 వాల్వులు. 1943 డిసెంబరులో డాలిస్ హిల్‌లో నడిపి చూసి, విప్పి, జనవరిలో బ్లెచ్లీకి తీసుకుపోయి మళ్ళీ బిగించారు. ఫిబ్రవరి 5న మొదటి అసలు సందేశం మీద పని చేసింది. ఒకే టేపుని మళ్ళీ మళ్ళీ వేస్తే ప్రతిసారీ అదే లెక్క రావడం చూసి అక్కడివాళ్ళు నోరు తెరిచారట, రాబిన్సన్‌తో అలా ఎప్పుడూ రాలేదు గనక.

వెంటనే ఇంకా కావాలన్నారు, 1944 జూన్ ఒకటికల్లా కావాలన్నారు. ఎందుకో చెప్పలేదు. 2,400 వాల్వుల రెండో యంత్రం ముందురోజు రాత్రి ఒక పట్టాన లొంగలేదు. మిగతావాళ్ళు అలసిపోయి వెళ్తే చాండ్లర్ ఒక్కడూ ఉండిపోయి తెల్లారేసరికి సరిచేశాడు. జూన్ ఒకటిన నడిచింది. జూన్ 6న ఫ్రాన్సులో నార్మండీ తీరంలో మిత్రరాజ్యాల సైన్యాలు దిగాయి. పాత ఎక్స్ఛేంజి నుంచి కొత్తదానికి లైన్లు మార్చే కట్ఓవర్‌కి ముందురాత్రి నేనూ అలా కూర్చున్నవాణ్ణే. చాండ్లర్ గురించి చదువుతుంటే కళ్ళు చెమర్చాయి.

ఓరుగల్లు_కోడర్:

ఒక్క మాట అడుగుతా, ఎవరూ ఏమీ అనుకోవద్దు. ఇది నిజంగా కంప్యూటరేనా? ప్రోగ్రాము మెమరీలో దాచుకోదు. ఒక్క పనికే కట్టింది. దీన్ని మొదటిది అంటే 1941లో జర్మనీలో జూజ చేసిన జడ్3 ఏమైనట్టు? అమెరికాలో అటానసాఫ్, బెర్రీ చేసిన యంత్రం ఏమైనట్టు?

కోనసీమ_మాస్టారు:

సరైన ప్రశ్న. జడ్3 ప్రోగ్రాముతో నడిచేది, కానీ రిలేలది. అటానసాఫ్ యంత్రం వాల్వులది, కానీ ఒకే రకం సమీకరణాలు సాధించడానికి, పని మార్చుకునే వీలు లేదు. కొలోసస్ వాల్వులది, పైగా స్విచ్‌లు, ప్లగ్గులు మార్చి లోపలి తర్కాన్ని మార్చుకోవచ్చు. కానీ నువ్వన్నట్టు ప్రోగ్రాము దాచుకోదు, సాధారణ లెక్కలన్నీ చెయ్యడానికి కట్టిందీ కాదు. "పెద్ద ఎత్తున పనిచేసిన, పని మార్చుకోగల మొదటి ఎలక్ట్రానిక్ డిజిటల్ యంత్రం" అంటే తప్పు లేదని నా అభిప్రాయం. వేల వాల్వులు కలిసి తప్పు లేకుండా నెలల తరబడి నడుస్తాయని మొదట చూపించింది ఇది. ఎనియాక్‌లో దాదాపు 18,000 వాల్వులు. అది కట్టిన అమెరికావాళ్ళకి కొలోసస్ సంగతి తెలియదు, వాళ్ళ ధైర్యం వాళ్ళది.

గోదారి_టు_బ్లెచ్లీ:

నేనుండేది మిల్టన్ కీన్స్‌లో. బ్లెచ్లీ పార్కు మా ఊళ్ళోదే. అక్కడి కంప్యూటింగ్ మ్యూజియంలో కొలోసస్‌ని తిరిగి కట్టి పెట్టారు, పోయిన నెల అమ్మానాన్నలతో వెళ్ళాను.

మొదట తగిలేది వేడి. బయట చలి, గదిలోకి అడుగు పెట్టగానే మొహానికి వెచ్చగా కొట్టింది. మనిషి ఎత్తుకి మించిన ర్యాకులు, వాటి నిండా వాల్వులు నారింజ రంగులో వెలుగుతూ. ఒక చివర మంచం పట్టీల్లాంటి చట్రం, దాని మీద కప్పీలు, వాటి మీద టేపు అంత వేగంగా తిరుగుతూ ఉంటే కాగితంలా కనబడదు, తెల్లటి గీత ఒకటి ఆగి ఉన్నట్టుంటుంది. మా అమ్మ చాలాసేపు దాని ముందే నిలబడిపోయింది. "ఇదంతా విప్పేశారా? ఎవరికి మనసొప్పిందిరా" అంది.

దీన్ని కట్టింది టోనీ సేల్, ఆయన బృందం. 1993లో మొదలుపెట్టి 2007లో పూర్తి చేశారు. తొమ్మిదో నంబరు కొలోసస్ ఉన్న చోటే నిలబెట్టారు. చేతిలో ఉన్నవి కొన్ని ఫోటోలు, ఇంజనీర్లు చాటుగా దాచుకున్న కొన్ని కాగితాలు, బతికున్నవాళ్ళ జ్ఞాపకాలు. 1996లో మొదటిసారి స్విచ్ వేసినప్పుడు ఫ్లవర్స్ అక్కడే ఉన్నారు. తొంభై ఏళ్ళ వయసు.

ఓరుగల్లు_కోడర్:

అన్నా, ఫోటోలూ జ్ఞాపకాలూ మాత్రమే ఎందుకు? డ్రాయింగులు ఏమయ్యాయి?

చదువరి_బందరు:

కాల్చేశారు తమ్ముడూ. ఫ్లవర్స్ చేతులతోనే కాల్పించారు.

యుద్ధం ముగిసేసరికి పది కొలోసస్‌లు నడుస్తున్నాయి. రెండు ఉంచుకుని మిగతావి విప్పేశారు. కాగితాలన్నీ నాశనం చెయ్యమని ఫ్లవర్స్‌కి ఉత్తర్వు వచ్చింది. డ్రాయింగులు, నోట్సు అన్నీ తీసుకుని డాలిస్ హిల్‌లో బాయిలర్ దగ్గరికి వెళ్ళి, అందులో వేసి, అవి కాలిపోవడం నిలబడి చూశారు. అది ఘోరమైన పొరపాటని పెద్దయ్యాక ఆయనే చెప్పారు. ఇంట్లో చేసింది ఏమిటో చెప్పడానికి లేదు. రహస్యమైన పని, ముఖ్యమైన పని, అంతవరకే భార్యాపిల్లలకు తెలుసు. ప్రభుత్వం యుద్ధం తర్వాత 1,000 పౌండ్లు ఇచ్చింది. ఆయన పెట్టిన సొంత ఖర్చుకే అది చాలలేదు, అందులోనూ తనతో పనిచేసినవాళ్ళకి పంచారు.

ఇంతకంటే నన్ను బాధ పెట్టింది బ్యాంకు సంగతి. అలాంటి యంత్రం ఇంకోటి కడతానని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండుని అప్పు అడిగారు. అలాంటిది పని చెయ్యదని వాళ్ళు ఇవ్వలేదు. "ఇప్పటికే పది కట్టాను, నడిచాయి" అని నోరు విప్పి చెప్పడానికి వీల్లేదు. ఒక్క మాట చెబితే చాలు. ఆ ఒక్క మాటా చెప్పకుండా లేచి వచ్చేశారు.

తంతి_ఆఫీసు:

మేమూ రహస్యం పాటిస్తామని సంతకం పెట్టినవాళ్ళమే. ఎవరి ఇంట్లో చావో, ఎవరి ఇంట్లో పెళ్ళో టెలిగ్రాంలో ముందు మాకే తెలిసేది. పక్కింటివాళ్ళదైనా సరే, తంతివాడు వెళ్ళి ఇచ్చేదాకా నోరు మెదపకూడదు. ఆ కొన్ని గంటలే గుండె బరువెక్కేది. ఈయన ముప్పై ఏళ్ళు మోశారు.

కోనసీమ_మాస్టారు:

1970ల మధ్యలో గానీ బయటికి రాలేదు. 1975లో ప్రభుత్వం కొన్ని ఫోటోలు విడుదల చేసింది, బ్రయన్ రాండెల్ అనే ప్రొఫెసర్ పట్టుబట్టి తవ్వి, 1976లో పత్రం చదివారు. అప్పటికి ప్రపంచమంతా పాఠ్యపుస్తకాలు ఎనియాక్‌తో మొదలై గట్టిపడిపోయాయి. నేను చదివిందీ అవే. యుద్ధకాలపు పూర్తి సాంకేతిక నివేదిక 2000లో గానీ విడుదల కాలేదు. అప్పటికి ఫ్లవర్స్ లేరు, 1998 అక్టోబర్ 28న పోయారు.

ఓరుగల్లు_కోడర్:

మధ్యలో ఆ ముప్పై ఏళ్ళూ ఏం చేశారు?

స్ట్రోజర్_1978:

మళ్ళీ టెలిఫోన్లకే వచ్చారు. ఎక్స్ఛేంజీలను పూర్తిగా ఎలక్ట్రానిక్ చెయ్యాలని ఆయన పట్టుదల. 1962లో లండన్‌లో హైగేట్ వుడ్ దగ్గర అలాంటిది ఒకటి పెట్టారు, నిలబడలేదు. కానీ ఆయన చూసిన దారి సరైనదే. స్ట్రోజర్ తీసేసి ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజి బిగించిన రోజున నేను అక్కడ ఉన్నాను. అప్పటిదాకా వర్షం పడ్డట్టు టకటకమనే హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఆయన యుద్ధానికి ముందే అనుకున్న నిశ్శబ్దం అది.

ఎర్నీ అని ఇంకో యంత్రం ఉంది. 1957లో బ్రిటన్ ప్రైజు బాండ్లకు నంబర్లు తీయడానికి డాలిస్ హిల్ వాళ్ళే కట్టారు. జనానికి అది బాగా తెలుసు. దాన్ని చూసి మురిసిపోయినవాళ్ళకి అంతకుముందు అదే చేతులు ఏం కట్టాయో తెలియదు.

తంతి_ఆఫీసు:

నేనొకటి చదివాను, ఇక్కడ ఉండాలి. 1993లో, అంటే ఎనభై ఏడేళ్ళ వయసులో, ఫ్లవర్స్ హెండన్ కాలేజీలో పర్సనల్ కంప్యూటర్ మీద ప్రాథమిక కోర్సు చేసి సర్టిఫికెట్ తీసుకున్నారు.

కోనసీమ_మాస్టారు:

అమ్మా, అది చదివి పది నిమిషాలు ఏమీ రాయలేకపోయాను.

సోమవారం క్లాసులో ఆ అమ్మాయి చేతనే ఈ పాఠం చెప్పిస్తున్నాను. వాల్వు ఒకటి మా ల్యాబ్ బీరువాలో దొరికింది. టేపు, రిలే మాత్రం లేవు. పిల్లలు వాటిని ఎప్పుడూ చూడలేదు.

తంతి_ఆఫీసు:

నా ట్రంకుపెట్టెలో మూరెడు టేపు ఉంది, రిటైరైన రోజున తెచ్చుకున్నది. మధ్య చిల్లులు స్పష్టంగా కనబడతాయి. పంపుతాను, తిరిగి ఇవ్వాలి.

స్ట్రోజర్_1978:

నా దగ్గర 3000 రకం రిలే ఒకటి ఉంది మాస్టారూ, ఇంకా పనిచేస్తుంది. 50 వోల్టులు ఇస్తే చప్పుడు వినిపిస్తుంది. కాలేజీ అడ్రసు నాకు ప్రైవేటు మెసేజ్‌లో పెట్టండి, రేపు పొద్దున కొరియర్ చేస్తాను. కాంటాక్టులు తడి చేత్తో ముట్టుకోవద్దని పిల్లలకు చెప్పండి.